మంచం పక్కన మనిషికి పూచీ ఎవరు?



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆవిడ పేరు మీ చేతిలోని ఆహ్వానపత్రిక మీద ఉంది. నేను మాత్రం వార్డులో అందరమూ పిలిచినట్టు సిస్టరమ్మ గారనే అంటాను. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న డాక్టర్లలో నేనొకణ్ణి. డాక్టర్లు నర్సుల దగ్గర నేర్చుకోవడమేమిటని వెనక వరసలోని కుర్రవాళ్లు అనుకుంటున్నారేమో. హౌస్‌సర్జన్సీలో ఒక్క రాత్రి డ్యూటీ చేస్తే ఆ సందేహం తీరిపోతుంది. ఆవిడ గుణగణాలు చెప్పడానికి నాకంటే దగ్గరివాళ్లు ఇక్కడ ఉన్నారు. నాకు అప్పగించిన విషయం వేరు. జబ్బు మనిషిని ఇంట్లోనే ఉంచి, జీతానికి ఒకరిని కుదుర్చుకుని చేయించే సేవలో నాణ్యత ఎలా వస్తుంది, భద్రత ఎలా వస్తుంది అన్నది. మేట్రన్‌గా రిటైరయ్యాక ఆవిడ ఓపికంతా ఈ పనికే ఖర్చయింది కనక నిర్వాహకులు ఈ విషయం ఎంచారు.

ముందు మీ అపార్టుమెంటు గేటు దగ్గర కాసేపు ఆగుదాం. అక్కడ కుర్చీలో కూర్చున్న సెక్యూరిటీ గార్డు కోసం పార్లమెంటు 2005లో ఒక చట్టం చేసింది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీ నడపాలంటే లైసెన్సు ఉండాలి. ఆ చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం గార్డుకు 100 గంటలు తరగతి గదిలో, 60 గంటలు ఆరుబయట శిక్షణ ఇవ్వాలి. అదీ కనీసం 20 పనిదినాల మీద. ఆచరణలో ఇదెంత జరుగుతోందో మనందరికీ తెలుసు. అయినా కాగితం మీద ఒక అంకె ఉంది. ఎవరైనా కోర్టుకెళితే చూపించడానికి ఆధారం ఉంది.

ఇప్పుడు ఆ గేటు దాటి, లిఫ్టెక్కి, మూడో అంతస్తులో పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దాయన దగ్గరికి వెళ్లే అమ్మాయి సంగతి చూడండి. ఆయన నోట్లో జావ పోసేది ఆమె. ఒళ్లు తుడిచేది, పక్క మార్చేది, యూరిన్ బ్యాగు ఖాళీ చేసేది, చాలా ఇళ్లలో ఇన్సులిన్ పొడిచేది కూడా ఆమే. ఆమెకు ఇన్ని గంటల శిక్షణ ఉండి తీరాలని చెప్పే చట్టం, దేశమంతటికీ వర్తించేది, ఏదీ లేదు. కారు పార్కింగుకు కాపలా కాసేవాడికి 160 గంటలు, కన్నతండ్రి గొంతులో అన్నం పెట్టేవాళ్లకు సున్నా. ఇది మన ప్రాధాన్యాల లెక్క.

ఈ పని ఎంత పెరగబోతున్నదో చెప్పడానికి ఒక అంచనా చాలు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన భారత వృద్ధాప్య నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో 60 దాటినవాళ్లు 14.9 కోట్లు, 2050 నాటికి 34.7 కోట్లు అవుతారు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. పిల్లలు డల్లాస్‌లోనో బెంగుళూరులోనో ఉండి, తల్లిదండ్రులు గుంటూరులోనో కూకట్‌పల్లిలోనో ఇద్దరే మిగిలిన ఇళ్లు మనకు కొత్త కాదు. ఆ ఇద్దరిలో ఒకరు బాత్‌రూములో జారిపడిన రోజు నుంచి ఏజెన్సీ ఫోన్ నంబరు కోసం వెతుకులాట మొదలవుతుంది.

ఏజెన్సీల భాష మీకు తెలిసిందే. పన్నెండు గంటల డ్యూటీ, ఇరవైనాలుగు గంటల డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, అడ్వాన్సు, నచ్చకపోతే రీప్లేస్‌మెంటు. తెల్లకోటు తొడిగితే అందరూ సిస్టర్లే. నర్సింగు చదువుల్లో ఏఎన్ఎం రెండేళ్ల కోర్సు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగు నాలుగేళ్లు. ఇవేవీ చదవని అమ్మాయి కూడా మంచి అటెండెంటు కావచ్చు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఏ పని ఎవరు చేయొచ్చో గీత గీయాలి. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేయడం నర్సు పని. వేసిన గొట్టంలో ఆహారం పోయడం, తల వైపు మంచం ఎత్తి ఉంచడం, పోశాక అరగంటైనా పడుకోబెట్టకుండా చూడడం నేర్పిస్తే అటెండెంటు చేస్తుంది. ఆ గొట్టం జారి బయటికొచ్చినప్పుడు తనే మళ్లీ లోపలికి తోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దారి తీయవచ్చు. ఇంట్లోవాళ్లు మాత్రం సిస్టరు ఉంది కదా, వేసేయమంటారు. ఆమె కాదనలేదు. కాదంటే రేపు రీప్లేస్‌మెంటు.

ఆసుపత్రి వార్డులో ఒక రోగి చుట్టూ ఎన్ని కళ్లుంటాయో లెక్కేయండి. ఉదయం నర్సు చేసిన పని మధ్యాహ్నం నర్సు కంట పడుతుంది. హెడ్ నర్సు రౌండ్సుకొస్తుంది. డ్యూటీ డాక్టరు కేసు షీటు తిరగేస్తాడు. వీళ్లందరికీ తోడు పక్క మంచం రోగి తాలూకు బావగారొకాయన ఉంటాడు. ఆయనకు అన్నీ కావాలి. సెలైన్ అయిపోయిందమ్మా అని కేకేసేది ఎక్కువసార్లు ఆయనే. నర్సు చెడ్డదైనా, అలిసిపోయినా, కొత్తదైనా ఇన్ని కళ్లలో ఏదో ఒకటి పట్టుకుంటుంది. ఇంట్లో అవేవీ లేవు. తలుపేసిన గది, ఒక రోగి, ఒక మనిషి. ఆ మనిషి బంగారమైతే సేవ బంగారం, కాకపోతే రోగి ఖర్మ.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఇంటి సేవలో నాణ్యత రావాలంటే ఆ ఒక్క మనిషి చేసిన పనిని, పని తెలిసిన రెండో మనిషి క్రమం తప్పకుండా వచ్చి చూడాలి. శిక్షణ కావాలి, సర్టిఫికెట్టు కావాలి, పోలీసు వెరిఫికేషను కావాలి. రెండో మనిషి రాకపోతే ఇవన్నీ నెల తిరిగేసరికి నీరుగారిపోతాయి.

కెమెరా పెట్టామండీ అంటారు. ఈమధ్య ఇది బాగా పెరిగింది. కొడుకు అమెరికాలో తెల్లవారుజామున లేచి ఫోనులో నాన్న గది చూస్తాడు. ఆ అమ్మాయి ఫోను పట్టుకుని కూర్చుంటే కనిపిస్తుంది, మెసేజి పెడతాడు. నాన్న మడమ కింద చర్మం కమిలిపోవడం ఆ కెమెరాకు కనిపించదు. మింగడం కష్టమైన ఆయన గ్లాసులో నీళ్లు పల్చగా ఉన్నాయో చిక్కగా ఉన్నాయో కనిపించదు. కనిపించేదల్లా డైపరు మార్చేటప్పుడు ఒక ముసలాయన మానం. మాట పడిపోయిన ఆయన్ను, గదిలో కెమెరా పెట్టమంటారా నాన్నా అని అడిగినవాళ్లెవరు? దొంగతనం భయానికి హాల్లో పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. పడకగదిలో పెట్టింది కాపలా అవుతుంది కానీ పర్యవేక్షణ కాదు.

రెండో మనిషి వచ్చి ఏం చూడాలో చెబుతాను. ఇన్సులిన్‌తో మొదలెడతాను, ఎందుకంటే ఇది మన దేశంలో ఇంకా తీరని చిక్కు. మన మందుల షాపుల్లో ఇన్సులిన్ బుడ్లు రెండు బలాల్లో దొరుకుతాయి. మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఒకటి. సిరంజిలూ రెండు రకాలు. ఎర్ర మూతది 40కి, నారింజ రంగు మూతది 100కి. పెన్ను వాడేవాళ్లకు ఈ బాధ లేదు. బుడ్డీ సిరంజీ వాడే ఇంట్లో 100 బుడ్డిలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగారనుకోండి, ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. రెండున్నర రెట్లు. ఒళ్లు చెమటలు పట్టి, మాట తడబడి, మత్తుగా పడి ఉంటే పెద్దాయన నిద్రపోతున్నారులే అని వదిలేస్తారు. అది నిద్ర కాదు, షుగరు పడిపోవడం. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.

దీని తిరగేసిన రకం ఇంకా మోసకారి. 40 బుడ్డిలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే వెళ్లేది 8 యూనిట్లే. షుగరు దిగదు. డాక్టరు డోసు పెంచుతాడు, మళ్లీ పెంచుతాడు. నేను నా క్లినిక్‌లో కూర్చుని చీటీ మీద అంకె మారుస్తుంటాను. ఆ ఇంట్లో ఏ మూత సిరంజి వాడుతున్నారో నాకు తెలియదు. ఒకరోజు షాపులో సరైన సిరంజి దొరుకుతుంది. పెరిగిన డోసు మొత్తం ఆ పూటే ఒంట్లో పడుతుంది. ఇందులో ఆ అమ్మాయి తప్పేమిటి? గీత సరిగ్గానే చూసింది. సిరంజి తెచ్చింది అల్లుడు, ఇచ్చింది షాపువాడు, డోసు రాసింది డాక్టరు. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు. బుడ్డినీ సిరంజినీ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి లేదు, అంతే. సిస్టరమ్మ గారు ఏ ఇంటికెళ్లినా ముందు ఫ్రిజ్ తలుపు తీసేవారు. కాఫీ తాగండమ్మా అంటే, తాగుతాలే, నీ బుడ్డి చూడనీ అనేవారు.

పడక పుండ్ల గురించి. తనంతట తాను కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలన్నది నర్సింగులో పాతమాట. పరుపును బట్టి, ఒంటి తీరును బట్టి ఆ గడువు మారవచ్చు, మానడం మాత్రం కుదరదు. నడుము కింది ఎముక, తుంటి, మడమలు, ఈ చోట్ల ముందు చర్మం ఎర్రబడుతుందని, వేలితో నొక్కితే ఆ ఎరుపు పోకపోతే అదే మొదటి మెట్టు అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాలు తెల్లతోలు మనుషుల్ని చూసి రాసినవి. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు కనపడదు. చేత్తో తడిమి చూడాలి: పక్క చర్మం కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తబడిందా. ఇది చెప్పి నేర్పేది కాదు, చేయి పట్టుకుని నేర్పాలి. మన ఇళ్లలో ఎక్కువగా చేసేవి కమిలిన చోట నూనె పెట్టి రుద్దడం, గుండ్రటి రింగు దిండు పెట్టడం, గ్లవ్సులో నీళ్లు నింపి మడమ కింద ఉంచడం. మూడూ కూడనివే. రుద్దితే లోపలి కండ ఇంకా చితుకుతుంది. రింగు చుట్టూ రక్తప్రసారం ఆగుతుంది. ప్రేమతోనే చేస్తారు. ఆ ప్రేమకు ఫలితం ఎముక కనిపించేంత గొయ్యి.

ప్రమాదం ఎవరికెంత ఉందో అంకెల్లో చెప్పే పద్ధతులున్నాయి. 1962లో డోరీన్ నార్టన్ అనే బ్రిటిష్ నర్సు, ఆవిడ సహచరులు ఒక స్కేలు తయారుచేశారు. 1987లో అమెరికాలో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రోమ్ ఇంకోటి తెచ్చారు. ఆరు ప్రశ్నలు, 6 నుంచి 23 దాకా మార్కులు, 18కి దిగితే జాగ్రత్త పడాలి. నింపడానికి కొన్ని నిమిషాలు, ఒక కాగితం. డబ్బు ఖర్చు కాదు. మన ఊళ్లలో రోజుకింతని వసూలుచేసే ఏజెన్సీలు రోగిని చేర్చుకునే రోజున ఆ కాగితం నింపుతున్నాయా అని నేను అడిగితే, ఫ్యామిలీ అడగలేదు సార్ అన్న జవాబే వస్తుంది.

పొలమారడం ఇంకొకటి. మన వైపు ఎవరికైనా పొలమారితే నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటాం. పక్షవాతం వచ్చిన మనిషికి పదేపదే పొలమారుతుంటే ఎవరూ తలుచుకోవడం లేదు, మింగే కండరం పని చేయడం లేదు. పల్చటి నీళ్లు, మజ్జిగ ఊపిరితిత్తుల వైపు వెళ్లి నిమోనియా అవుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చెంచాతో, ముందు ముద్ద మింగాకే రెండోది పెట్టాలి. ఆ పూట అరగంట పడుతుంది. అరగంట లేదంటే ఆ మనిషికి అన్నం పెట్టే టైము లేదన్నట్టే.

ఆక్సిజన్ మిషన్లు కోవిడ్ తర్వాత ఇళ్లలో బాగా పెరిగాయి. మిషను నడుస్తున్న గదిలోనే దేవుడి పటాలుంటాయి. సాయంత్రం దీపం, అగరొత్తి. పక్కదుప్పటికి, జుట్టుకు ఆక్సిజన్ పట్టి ఉంటే నిప్పురవ్వ చాలు. ముక్కు ఎండిపోతోందని వాజలీనో కొబ్బరినూనో రాస్తారు. అదీ మంచిది కాదు. దీపం హాల్లో పెట్టుకోండమ్మా అని చెప్పడం ఆ అమ్మాయి వల్ల కాదు, అత్తగారి పూజ విషయంలో ఆమెకు నోరెక్కడిది? బయటినుంచి వచ్చిన నర్సు చెబితే వింటారు. వాడిన సూదులు కూరగాయల తొక్కలతో కలిపి చెత్తబుట్టలో వేయడం కూడా ఇలాంటిదే. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు ఇంట్లో వాడిన సూదులను, సిరంజిలను ప్రమాదకర గృహవ్యర్థాల్లో చేర్చి, విడిగా ఇవ్వాలన్నాయి. ఇవ్వకపోతే గుచ్చుకునేది మున్సిపాలిటీ కార్మికురాలి వేలికి. ఇంటి సేవలో భద్రత గుమ్మం దగ్గర ఆగిపోదు.

సిస్టరమ్మ గారు చేయించిన పనుల్లో అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే ముఖ్యమైనది మంచానికి దారంతో కట్టిన నోటుబుక్కు. ఏ వైపు తిప్పారు, ఎన్ని గంటలకు, ఏం తిన్నారు, విరేచనం అయిందా, మూత్రం ఎంత, షుగరు ఎంత, ఏ మందు ఇచ్చారు, ఎవరిచ్చారు. పెద్దగా చదువు రాని అమ్మాయిలకు బొమ్మలు గీసి టిక్కు పెట్టే గళ్లు చేసిచ్చారు. గంటలన్నీ సాయంత్రం ఒక్క పెన్నుతో ఒక్క చేతిరాతతో నింపేస్తే ఆవిడకు తెలిసిపోయేది. కోప్పడేవారు కూడా. ఆవిడకు కోపం ఎక్కువే, దాన్ని దాచిపెట్టి నేను పొగడను. డ్యూటీ మారే అమ్మాయిలిద్దరూ ఆ పుస్తకం చేతులు మార్చుకోనిదే గుమ్మం దాటడానికి వీల్లేదు. మన ఏజెన్సీల్లో ఇవాళ డ్యూటీ మారడమంటే ఒకామె చెప్పులేసుకుంటుంటే ఇంకొకామె చెప్పులు విప్పడం.

ఇప్పుడు ఆ అమ్మాయి వైపు తిరుగుదాం. చాలామంది నాణ్యత అనగానే ఈమెను ఎలా కట్టడి చేయాలా అని ఆలోచిస్తారు. ఇరవైనాలుగు గంటల డ్యూటీ అనేది అబద్ధం. ఏ మనిషీ రోజూ ఇరవైనాలుగు గంటలు మెలకువగా ఉండలేరు. రాత్రి పన్నెండుకు, రెండుకు, నాలుగుకు పక్క మార్చి, పగలంతా మళ్లీ పని చేసి, మధ్యాహ్నం కునుకు తీస్తే ఫొటో తీసి ఏజెన్సీకి పంపుతారు. రెండు గంటలకోసారి తిప్పాలన్న నియమం, రాత్రి వేరే మనిషిని పెట్టలేమన్న నిర్ణయం, రెండూ ఒకే ఇంట్లో నిలవవు. ఏదో ఒకటి ఓడిపోతుంది. ఓడిపోయేది రోగి నడుము.

పైగా, ఎలాగూ ఖాళీగానే ఉన్నావు కదమ్మా అని గిన్నెలు, కూరలు తరగడం, చంటిపిల్లాణ్ణి ఎత్తుకోవడం. పడుకోవడానికి రోగి మంచం పక్కన నేల. వేరే కంచం, వేరే గ్లాసు. ఈ వేరు వెనక ఏముందో మనకు తెలియంది కాదు. ఎనభై కిలోల మనిషిని ఒక్కర్తే మంచం మీదినుంచి కుర్చీలోకి దించుతుంది. చక్రాల కుర్చీ బ్రేకు వేయాలని, దుప్పటి మడత కింద పెట్టి జరపాలని ఎవరూ చెప్పలేదు. నడుము పట్టేసిన రోజున ఆమె జీతం ఆగిపోతుంది. ఉంగరం కనపడకపోతే ముందు ఆమె సంచీ వెతుకుతారు. తలుపేసిన గదిలో రోగో, రోగి తాలూకు మగవాళ్లో చేయి వేస్తే ఎవరికి చెప్పుకోవాలి? 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో నివాస గృహం కూడా పనిచోటే. ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి, ఆమె అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. ఈ మాట ఏ ఏజెన్సీ డ్యూటీ కాగితం మీదా నేను చూడలేదు. భయంతో, నిద్రలేమితో, నడుము నొప్పితో ఉన్న మనిషి చేతుల్లో మీ అమ్మ క్షేమంగా ఉంటుందని ఎలా అనుకుంటారు?

మంచం పక్కన ఆ అమ్మాయి పడే ఒంటరితనం కొత్తది కాదు. 1859లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి, చనిపోయిన తన భార్యకు సేవ చేసిన మేరీ రాబిన్సన్ అనే నర్సును పేదల ఇళ్లకు పంపే పనికి పెట్టాడు. మూడు నెలలకని కుదిరింది. నెల తిరిగేసరికి ఆమె ఏడుస్తూ వచ్చి, ఆ ఇళ్లలో చూస్తున్న దైన్యం తన వల్ల కాదంది. ఆయన నచ్చజెప్పి నిలిపాడు. ఆ పని విస్తరించినప్పుడు ఊరిని 18 జిల్లాలుగా విడగొట్టి, ఒక్కో జిల్లాకు ఒక నర్సును, ఆమె పైన బాధ్యతగా చూసే ఒక పెద్దమ్మను పెట్టారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ సలహాతో నర్సుల బడి కూడా వచ్చింది. ఇంటి నర్సింగు పుట్టిన ఊళ్లోనే నర్సును ఒంటరిగా వదలకూడదన్న సంగతి తేలిపోయింది.

అమెరికాలో ప్రభుత్వ బీమా డబ్బు తీసుకునే ఇంటి సేవా సంస్థలకు కేంద్ర నిబంధన ఉంది. సహాయకురాలికి కనీసం 75 గంటల శిక్షణ, అందులో 16 గంటలు చేత్తో చేసి చూపే శిక్షణ, ఆపైన ఏటా 12 గంటలు. నర్సింగు అవసరమైన రోగి అయితే రిజిస్టర్డ్ నర్సో, అలాంటి నిపుణులో రెండు వారాలకోసారి ఆ సేవను పరిశీలించాలి. 75 గంటలు మన వాచ్‌మన్ లెక్కలో సగం కూడా కాదు. కానీ ఆ రెండు వారాల నియమం ఉంది చూశారూ, బలమంతా అక్కడుంది.

బ్రిటన్ కథ ఇంకో రకం. 2022 ఫిబ్రవరిలో వీసా నిబంధనలు సడలించాక మన పిల్లలూ కొందరు అక్కడికి కేరర్లుగా వెళ్లారు. 2025 జులైలో విదేశాలనుంచి కొత్త నియామకాలకు ఆ దారి మూసేశారు. వాళ్లనడిగితే అక్కడి పద్ధతులు చెబుతారు. ఇంగ్లండులో ఇంటికొచ్చి ఒంటి సేవ చేసే సంస్థ ఏదైనా కేర్ క్వాలిటీ కమిషన్ దగ్గర రిజిస్టరు కావాలి. సేవ సురక్షితమా, ఫలితం ఉందా, ఆప్యాయత ఉందా, అవసరానికి స్పందిస్తున్నారా, నిర్వహణ బాగుందా అని ఐదు కోణాల్లో చూసి రేటింగు ఇస్తారు. వచ్చి పావుగంటలో వెళ్లిపోయే సందర్శనల మీద 2015లో అక్కడి జాతీయ సంస్థ నైస్ మార్గదర్శకం ఇచ్చింది: అరగంటకు తక్కువైన సందర్శన, రోగికి తెలిసిన మనిషే వస్తే, పెద్ద ప్రణాళికలో భాగమైతే, ఆ కొద్ది పనికి టైము సరిపోతేనే పెట్టాలని. చదవడానికి ఎంత బాగుందో! అయినా 2024లో పెనీ డాష్ అనే ఆవిడ ఆ కమిషన్ పనితీరు మీద సమీక్ష చేస్తే, తనిఖీ చేయాల్సిన ప్రతి ఐదు చోట్లలో ఒకదానికి అసలు రేటింగే ఇవ్వలేదని బయటపడింది. చట్టముండి, సంస్థ ఉండి, మనిషి వెళ్లి చూడకపోతే ఏమవుతుందో వాళ్లే మనకు చూపించారు.

అంతదూరం ఎందుకు, కేరళ ఉంది. 1993లో కోజికోడ్‌లో కొందరు డాక్టర్లు నొప్పి, ఉపశమన చికిత్సకు మొదలుపెట్టిన సొసైటీ ఊరూరా వాలంటీర్లతో పెరిగింది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఉపశమన చికిత్సకు ఒక విధానం ప్రకటించి, పంచాయతీల ద్వారా నర్సులను ఇళ్లకు పంపింది. నర్సు సంచీతో వస్తుంది, పుండు కడుగుతుంది, క్యాథెటర్ మారుస్తుంది, ఇంట్లోవాళ్లకు నేర్పుతుంది, మళ్లీ వచ్చినప్పుడు వాళ్లు చేసింది చూస్తుంది. ధనవంతుల రాష్ట్రం కనక చేయగలిగిందంటే నేనొప్పుకోను. మొదలుపెట్టినప్పుడు వాళ్ల దగ్గరున్నది ఓపికే. తెలంగాణలో ఉపశమన చికిత్స కోసం ఇళ్లకు వెళ్లే ‘ఆలన’ వాహనాలు ఆ దారిలో నడిచినవే. హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన విభాగం ఇంటింటికీ వెళ్లి చూసే పద్ధతి పెట్టుకుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నుంచి పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. అంతకుముందు 5,000 ఉండేది. ఇది చిన్న విషయం కాదు, మెచ్చుకోవలసింది. ఒక కుటుంబం ఒక పూట మనిషిని పెట్టుకోగల డబ్బు. కానీ ఆ డబ్బు పుచ్చుకునే మనిషి నడుము మీద పుండు ఉందో లేదో ప్రతి నెలా చూసే చేయి దాని వెంట రాదు. పింఛను పట్టుకెళ్లి ఇచ్చే ఉద్యోగి గుమ్మం దాకా వెళ్తున్నాడు కదా, నెలకోసారి ఆ వెంటే ఏఎన్ఎం లోపలికెళ్లి దుప్పటి ఎత్తి చూస్తే అయ్యే అదనపు ఖర్చెంత?

ఇక ఢిల్లీ సంగతి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 నాటిది. అందులో ఇంటి సేవ ఊసు లేదు. 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో వృద్ధులకు ఇంటి దగ్గర సేవలందించే సంస్థలకు రిజిస్ట్రేషను, కనీస ప్రమాణాలు అన్న మాటలు వచ్చాయి. స్థాయీసంఘానికి వెళ్లింది, నివేదిక వచ్చింది, 2024లో 17వ లోక్‌సభ గడువుతో పాటే బిల్లూ మురిగిపోయింది. ఈలోపు సేవలో లోపం జరిగితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అదంతా జరగాల్సింది జరిగిపోయాక.

ఢిల్లీ కోసం ఆగనక్కర్లేదు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. ఈ సభలో ప్రజాప్రతినిధులు ఉన్నారు కనక వారికి నా విన్నపం. ఇంటి సేవ అందించే ఏజెన్సీ ఏదైనా జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్టరు కావాలి. ఆ ఏజెన్సీ సేవలందించే ప్రతి ఇంటికీ పేరుతో సహా ఒక రిజిస్టర్డ్ నర్సు పూచీ పడాలి. ఆమె రెండు వారాలకోసారి స్వయంగా వచ్చి, రోగి ఒళ్లు చూసి, అటెండెంటుతో విడిగా మాట్లాడి, మంచం దగ్గరి పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. శిక్షణ గంటలు, సిలబసు, రేటింగు చుక్కలు తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ ఒక్కటి రాయండి.

మిగతావారికి ఒక మాట. దీనికి చట్టం వచ్చేదాకా మీరూ ఆగనక్కర్లేదు. మనిషిని కుదుర్చుకునే రోజున నెలకెంత అని అడగబోయే ముందు, మీ నర్సు మా ఇంటికి ఏయే రోజుల్లో వస్తుంది, ఆమె రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అని అడగండి. నర్సు రాదండీ, కావాలంటే మనిషిని మారుస్తాం అంటే ఆ ఏజెన్సీ వద్దనండి.